ఆకాశరామన్న సంతకం

తెలుగులో ఆకాశరామన్నకి ఉన్నంత చెడ్డపేరు ఇంకే రచయితకీ లేదు. ఊరూ పేరూ లేని ఉత్తరం వచ్చిందంటే చదవకముందే సగం కొట్టిపారేస్తాం. ఎవరో గిట్టనివాళ్ళు రాసుంటారులే అనేస్తాం. పోనీ పేరు పెట్టి ధైర్యంగా చెప్పినవాణ్ణి ఏమంటాం? చాడీలు చెప్పేవాడు, కొండెగాడు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు. ఒక్కటీ మంచి మాట కాదు. ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత కూడా ఉంది. విభీషణుడు న్యాయం వైపు నిలబడ్డాడని ఒప్పుకుంటూనే, పిల్లలకి ఆ పేరు పెట్టుకోం. విజిల్‌బ్లోయర్ అనే మాట వచ్చాక మన పత్రికలవాళ్ళు 'ప్రజావేగు' అని ఒకటి తయారుచేశారు. వేగు అంటే గూఢచారే. అయినా ఉన్నవాటిలో అదే కాస్త నయం.

మాటల గొడవ ఎందుకంటే, మనదేశంలో ఈ విషయం మీద జరిగిన చట్టాల చరిత్ర అంతా నిజానికి ఆకాశరామన్న చుట్టూనే తిరిగింది. ఫిర్యాదు కింద సంతకం ఉండాలా, అక్కర్లేదా? ఉండాల్సిందే అంటే, ఆ సంతకాన్ని దాచిపెట్టే పూచీ ఎవరిది?

ఈ ప్రశ్న ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన సంగతి చాలామందికి లీలగా గుర్తుండే ఉంటుంది. సత్యేంద్ర దూబే. బీహార్‌లో సివాన్ జిల్లా షాపూర్ అనే పల్లెటూరు. తండ్రి చక్కెర మిల్లులో గుమాస్తా. కుర్రాడు ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1994లో బయటికొచ్చాడు, తర్వాత బనారస్‌లో ఎంటెక్ చేశాడు, ఇండియన్ ఇంజనీరింగ్ సర్వీస్‌లో చేరాడు. 2002లో డెప్యుటేషన్ మీద జాతీయ రహదారుల సంస్థకి, అంటే ఎన్‌హెచ్‌ఏఐకి వచ్చాడు. జార్ఖండ్‌లోని కోడెర్మాలో పోస్టింగ్. పని స్వర్ణ చతుర్భుజి మీద.

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలని కలిపే 5,846 కిలోమీటర్ల రోడ్డు అది. నెల్లూరు నుంచి విజయవాడ మీదుగా విశాఖ దాటి పోయే మన హైవే కూడా అందులో ఒక భుజమే. దాని మీద బస్సులో నిద్రపోతూ వెళ్ళినవాళ్ళం మనమంతా. దూబే చూసుకున్నది ఢిల్లీ-కోల్‌కతా భుజంలో ఔరంగాబాద్, బారాచట్టి మధ్య ముక్క. అక్కడ నాసిగా వేసిన ఆరు కిలోమీటర్ల రోడ్డుని కాంట్రాక్టరు చేత తవ్వించి మళ్ళీ వేయించాడు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఆ ఒక్క వాక్యం చాలు, అతను ఎలాంటివాడో తెలియడానికి. వేసిన రోడ్డుని తవ్వించడమంటే బిల్లు ఆపడమొక్కటే కాదు, ఆ బిల్లు మీద సంతకాలు పెట్టిన ప్రతివాడినీ తప్పుపట్టడం.

2002 నవంబరు 11న అతను ప్రధానమంత్రికి ఒక ఉత్తరం రాశాడు. ప్రాజెక్టు నివేదికలు ఎంత అధ్వాన్నంగా తయారవుతున్నాయో, కాంట్రాక్టర్లకి అడ్వాన్సులు ఇవ్వడంలో ఎంత తొందర చూపిస్తున్నారో, పెద్ద కంపెనీలు పని దక్కించుకుని చేతకాని చిన్న సబ్‌కాంట్రాక్టర్లకి ఎలా అప్పగించేస్తున్నాయో వరసపెట్టి చెప్పాడు. ఆవేశం తక్కువ, వివరం ఎక్కువ. సైట్ రిపోర్టులు రాయడం అలవాటైన చెయ్యి.

అసలు సంగతి ఆ ఉత్తరం చివర ఉంది. మామూలు జనం రాసే ఇలాంటి ఉత్తరాలని ఎవరూ పెద్దగా పట్టించుకోరని అతనికి తెలుసు. ఆకాశరామన్న ఉత్తరం గతి ఏమవుతుందో తెలుసన్నమాట. అందుకని, ఇది ప్రాజెక్టుతో దగ్గరి సంబంధం ఉన్నవాడు బాగా ఆలోచించి రాస్తున్నదని చెప్పి, ఉత్తరం మీద పేరు పెట్టకుండా, తన వివరాలు ఒక విడి కాగితం మీద రాసి జతచేశాడు. గోప్యత కోసమే విడిగా పెడుతున్నానని కూడా రాశాడు. అంటే ఉత్తరం ఎవరైనా చదవచ్చు, ఆ రెండో కాగితం మాత్రం చదవాల్సినవాళ్ళే చదవాలి. సమాచారాన్నీ గుర్తింపునీ వేరుచేసి పెట్టాడు. మా సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ఇప్పుడు దానికి రకరకాల పెద్ద పేర్లు పెట్టుకుని చేసే పని, అతను ఒక గుండుసూదితో చేశాడు.

ఆ గుండుసూది ఎవరూ తీయలేదు. ప్రధాని కార్యాలయం నుంచి ఉత్తరం రోడ్డు రవాణా శాఖకి వెళ్ళింది, విడి కాగితంతో సహా. అక్కడినుంచి ఎన్‌హెచ్‌ఏఐకి వెళ్ళింది, విడి కాగితంతో సహా. ఎవరి మీద ఫిర్యాదు చేశాడో వాళ్ళున్న సంస్థకే, ఫిర్యాదు చేసినవాడి బయోడేటా ప్రభుత్వ ఖర్చుతో చేరింది. ఇందులో కుట్ర ఉందని నేను అనుకోను. అలవాటు ఉంది. 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఫైలు కిందికి పంపడం మన ఆఫీసుల్లో ఊపిరి పీల్చడం లాంటిది. పంపిన గుమాస్తాకి గానీ, సంతకం పెట్టిన అధికారికి గానీ ఆ కాగితాన్ని వేరుచేయాలని చెప్పే రూలు ఏదీ లేదు. వేరుచేయకపోతే పడే శిక్ష కూడా లేదు. నేరుగా ప్రధానికి రాసినందుకు మాత్రం విజిలెన్సువాళ్ళ దగ్గర్నుంచి దూబేకి మందలింపు వచ్చింది.

ఏడాది గడిచింది. దూబేని గయకి బదిలీ చేశారు. అతను వద్దన్నాడు, అయినా చేశారు. 2003 నవంబరు 27న తెల్లవారుజామున, వారణాసిలో ఒక పెళ్ళి చూసుకుని రైల్లో గయలో దిగాడు. స్టేషనుకి రావాల్సిన బండి బ్యాటరీ పాడై రాలేదు. రిక్షా ఎక్కాడు. దారిలో కాల్చి చంపారు. ఆ రోజుకి సరిగ్గా 30 ఏళ్ళు నిండాయి.

సీబీఐ దర్యాప్తు చేసి ఇది దోపిడీ కోసం జరిగిన హత్య అని తేల్చింది. ప్రశ్నించిన అనుమానితుల్లో ఇద్దరు వెంటనే విషం వల్ల చనిపోయారు, రిక్షా తొక్కిన సాక్షి కొంతకాలం కనపడకుండా పోయాడు. 2010 మార్చిలో పాట్నా కోర్టు ముగ్గురికి యావజ్జీవ శిక్ష వేసింది. దోపిడీ కథని కుటుంబం నమ్మలేదు. చదివినవాళ్ళలో చాలామందీ నమ్మలేదు.

నాకు ఇక్కడ చాలా వ్యాసాలతో పేచీ ఉంది. దూబే గురించి రాసేవాళ్ళంతా హత్య వెనక ఎవరున్నారన్న దగ్గరే ఆగిపోతారు. ఒప్పుకుందాం, కోర్టు చెప్పిందే నిజం, అది దోపిడీయే అనుకుందాం. అప్పుడు విడి కాగితం సంగతి ఏమవుతుంది? ఏమీ కాదు. అది అలాగే ఉంటుంది. 2003 నవంబరు 26 నాటికి, అంటే అతను బతికి ఉన్న ఆఖరి పూర్తి రోజు నాటికే, నమ్మి చెప్పిన పేరుని ప్రభుత్వం బయటపెట్టేసింది. చట్టం కావాలనడానికి ఆ ఒక్కటి చాలు, హత్య అక్కర్లేదు. హత్య కోసం ఎదురుచూసే వాదనలో ఇంకో ప్రమాదం కూడా ఉంది: చంపితేనే అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. కాని నోరు విప్పిన ఉద్యోగులకి మామూలుగా జరిగేది అది కాదు. ఛార్జిమెమో వస్తుంది. ఇంక్రిమెంటు ఆగుతుంది. పిల్లల పరీక్షల ముందు బదిలీ వస్తుంది. శంకరగిరి మాన్యాలు పట్టించడం అని మనకి మంచి మాటే ఉంది దానికి. వీటిలో ఏదీ శిక్షాస్మృతి కింద నేరం కాదు. కాబట్టి ఉన్న చట్టాలు సరిపోతాయన్న వాదన, చావుకి తక్కువైన శిక్షలన్నిటినీ లెక్కలోంచి తీసేసే వాదన.

కడుపు మండించే విషయం ఏంటంటే, ఆ ఉత్తరం రాసేనాటికే దానికి కావాల్సిన చట్టం ముసాయిదా తయారై ఉంది. కేంద్ర విజిలెన్స్ కమిషనర్ కోరిన మీదట లా కమిషన్ తన 179వ నివేదికని 2001 డిసెంబరులో ఇచ్చింది. ప్రజాప్రయోజనం కోసం విషయం బయటపెట్టేవాళ్ళకి రక్షణ అన్నదే దాని అంశం. కమిషన్ అధ్యక్షుడు మనవాడే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. బొమ్మై కేసు గురించి చదివినవాళ్ళకి ఆయన పేరు బాగా తెలుసు. ఈ నివేదిక సంగతి మాత్రం తెలుగులో ఎవరూ పెద్దగా మాట్లాడగా నేను వినలేదు. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా చట్టాలు పరిశీలించి, చివర్లో బిల్లు కూడా రాసి పెట్టారు. అది ఢిల్లీలో ఏదో బీరువాలో ఉండగానే కోడెర్మా నుంచి ఉత్తరం బయల్దేరింది. మధ్యలో ఉన్నది 11 నెలలు. చనిపోయేనాటికి దాదాపు రెండేళ్ళు.

ఆ నివేదిక చూసిన చట్టాల్లో ఇంగ్లండ్‌ది 1998 నాటిది. దాని వెనక కథ ఒకటి చెప్పాలి. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రగ్ రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ, కార్లు ఎక్కించే ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. రేవు దాటిన కొద్ది నిమిషాలకే ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, తలుపులు మూసుకున్నాయో లేదో తెలిసేలా పైన ఒక దీపం పెట్టించండి అని కెప్టెన్లు ముందే కంపెనీకి రాశారు. పైవాళ్ళు వెటకారం చేసి వదిలేశారు. లోపల ఉన్నవాళ్ళకి ప్రమాదం ముందే తెలిసి ఉండటం, ఆ తెలివి బయటికి వచ్చే దారి లేకపోవడం. ఇలాంటి విచారణలు కొన్ని వరసగా బయటపడ్డాక వాళ్ళకి చట్టం వచ్చింది. ఆ చట్టం వీరుల కోసం పుట్టింది కాదు. ఒక చిన్న దీపం ఖర్చుని 193 ప్రాణాలతో పోల్చుకున్నప్పుడు పుట్టింది. దూబే ఉత్తరాన్నీ నేను అలాగే చూస్తాను. అది నిజాయితీపరుడి ఆత్మకథ కాదు, రోడ్డు బాగాలేదని ఇంజనీరు చెప్పిన మాట.

దూబే హత్య తర్వాత దేశమంతా అట్టుడికింది. విషయం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. చట్టం వచ్చేదాకా ఏదో ఒక ఏర్పాటు చేయమని కోర్టు అడిగితే, 2004 ఏప్రిల్ 21న ప్రభుత్వం ఒక తీర్మానం చేసింది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఈ ఫిర్యాదులు తీసుకుంటుంది. ఎలా పంపాలో సూచనలు కూడా ఇచ్చారు. సర్కారీ భాషలో ఉన్నా చదవదగ్గవి. కవరు గట్టిగా అంటించాలి. మీద ఇది ప్రజాప్రయోజన ఫిర్యాదు అని రాయాలి. కవరు మీద పంపినవాడి పేరు ఉండకూడదు. పేరు, చిరునామా లోపల ఉత్తరం మొదట్లోనో చివర్లోనో ఉండాలి, లేదా విడిగా జతచేసిన కాగితం మీద ఉండాలి. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు. అందినట్టు రసీదు ఇవ్వరు, ఎందుకంటే ఆ రసీదే పట్టివ్వచ్చు.

విడిగా జతచేసిన కాగితం! దూబే 2002లో సొంతంగా కనిపెట్టిన పద్ధతిని 2004లో ప్రభుత్వం రూలుగా రాసుకుంది. ఒక్కటే తేడా, ఈసారి ఆ కాగితాన్ని వేరుచేయాల్సిన మనిషి ఎవరో కూడా రాశారు. ఫిర్యాదు కింద శాఖకి పంపేముందు పేరు తీసేయాల్సింది కమిషన్. ఏ వ్యవస్థకైనా అది పెద్ద మెరుగే. ఫలానా పని ఫలానావాడిది అని రాసి ఉండటం.

కాని కవరు ఒక్కటే సరిపోదని కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. ఉత్తరంలో ఉన్న విషయమే మనిషిని పట్టిస్తుంది. ఫలానా కిలోమీటరు దగ్గర ఫలానా తేదీన వేసిన కంకర సంగతి ప్రపంచంలో నలుగురికే తెలుసు. పేరు కొట్టేసినా ఆ నలుగురిలో ముగ్గురు నాలుగోవాడి వైపు చూస్తారు. కాబట్టి పేరు దాచడం మొదటి గోడ మాత్రమే. అది కూలాక రెండో గోడ కావాలి: పేరు బయటపెట్టినవాడికి శిక్ష, ఫిర్యాదు చేసినవాడి మీద కక్ష తీర్చుకుంటే ఆపే అధికారం. తీర్మానంలో దీనికి కొంత చోటు ఉంది, కాని తీర్మానం తీర్మానమే. దాన్ని మీరితే జైలు ఉండదు. జైలు పెట్టాలంటే పార్లమెంటు చట్టం చేయాలి.

ఆ చట్టం కోసం ఇంకో పదేళ్ళు పట్టింది. మధ్యలో 2005 నవంబరులో ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగం హత్య. ఉత్తరప్రదేశ్‌లో కల్తీ పెట్రోలు బంకుని మూయించినందుకు అక్కడే కాల్చేశారు. 2010లో పుణె దగ్గర సతీశ్ శెట్టి, అహ్మదాబాద్‌లో అమిత్ జేఠ్వా, ఇద్దరూ సమాచార హక్కు కార్యకర్తలు. అదే ఏడాది ఆగస్టులో బిల్లు పెట్టారు. 2011 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో 2014 ఫిబ్రవరి 21న ఆమోదం పొందింది.

ఆ తేదీ తెలుగువాళ్ళకి పరిచయమున్నదే. ముందురోజే, అంటే 20న, అదే రాజ్యసభలో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది. ఆ వారమంతా మనం టీవీలకి అతుక్కుపోయి ఉన్నాం, కొందరం ఏడుస్తూ, కొందరం టపాసులు కాలుస్తూ. మర్నాడు పాసైన బిల్లుని ఎవరు చూశారు? తర్వాత రెండు బిల్లులూ రాష్ట్రపతి దగ్గరికి వెళ్ళాయి, రెండూ చట్టాలయ్యాయి. విభజన చట్టంతో మనందరికీ 'అపాయింటెడ్ డే' అనే మాట నోటికి వచ్చేసింది. చట్టం పాసైనంత మాత్రాన అమల్లోకి రాదు, అమలు తేదీని కేంద్రం ప్రకటించాలి. దానికి జూన్ 2 అని ప్రకటించారు. విజిల్‌బ్లోయర్ల చట్టానికి మే 9న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, వారం తర్వాత ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. దీనికి అపాయింటెడ్ డే మాత్రం ఇప్పటిదాకా రాలేదు.

పుస్తకంలో ఉంది కాబట్టి ఆ చట్టం ఏం చెబుతుందో చూడొచ్చు. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవాడికి మూడేళ్ళదాకా జైలు, 50 వేలదాకా జరిమానా. గుండుసూది తీయని అధికారికి ఇది వర్తించేది. అబద్ధమని తెలిసీ కావాలని ఫిర్యాదు చేసినవాడికి రెండేళ్ళదాకా జైలు. కక్షలు తీర్చుకోవడానికి వాడుకుంటారండీ అని ఎప్పుడూ వచ్చే అభ్యంతరానికి ఈ రెండోది జవాబు. ఆ భయం ఉత్తిది అనను. చిన్న ఊళ్ళలో అర్జీలు పెట్టడమే వృత్తిగా బతికేవాళ్ళు ఉంటారు. కాని దానికి మందు అబద్ధాన్ని శిక్షించడం. నిజం చెప్పేవాణ్ణి గాలికి వదిలేయడం కాదు.

2015లో దీన్ని అమలు చేయడానికి బదులు సవరించడానికి బిల్లు తెచ్చారు. సమాచార హక్కు చట్టంలో ఇవ్వక్కర్లేదని చెప్పిన పది రకాల సమాచారం, ఇక్కడ ఫిర్యాదులో కూడా ఉండకూడదన్నారు. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టకుండా ఇచ్చిన రక్షణ తీసేశారు. దేశభద్రత విషయంలో జాగ్రత్త ఉండాలనే మాట నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ పదిలో వాణిజ్య రహస్యాలు కూడా ఉన్నాయి. రోడ్డు కాంట్రాక్టులో కక్కుర్తి గురించి వాణిజ్య వివరం లేకుండా ఎలా రాయాలో నాకు అర్థం కాదు. అయినా సమాచార హక్కు కింద అడిగేవాడు బయటివాడు, కాగితం అతని చేతికి వెళ్తుంది. ఇక్కడ కాగితం ప్రభుత్వంలోంచి ప్రభుత్వంలోకే, పైన ఉన్న విజిలెన్సు కమిషనుకి వెళ్తుంది. ఆ రెండిటికీ ఒకే తాళం వేయడం ఏం తర్కం? లోక్‌సభ రెండ్రోజుల్లో పాస్ చేసింది. రాజ్యసభలో ఆగి, 2019లో లోక్‌సభతో పాటు మురిగిపోయింది. మొత్తానికి పాత చట్టమూ లేదు, కొత్త సవరణా లేదు. 2004 నాటి కవరే ఇప్పటికీ దిక్కు.

ఇక మా హైదరాబాదు సంగతి. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ బోర్డు డైరెక్టరు కృష్ణ పాలెపుకి ఒక ఈమెయిల్ వచ్చింది. లెక్కల్లో ఉన్న డబ్బు బ్యాంకుల్లో లేదని అందులోని సారాంశం. పంపినవారి పేరు జోసెఫ్ ఏబ్రహాం. అది మారుపేరు. మెయిల్ ఆడిట్ కమిటీకి చేరింది, ఆడిటర్లకి చేరింది. 2009 జనవరి 7న రామలింగరాజు ఒప్పుకోలు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ మెయిలే కంపెనీని పడగొట్టిందని చెప్పడం ఎక్కువ అవుతుంది. అప్పటికే మైటాస్ కొనుగోలు బెడిసికొట్టి ఇన్వెస్టర్లు తిరగబడి ఉన్నారు. కాని ఆ ఏడాదే కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు తీసుకున్న కంపెనీ గురించి, లోపలి సంగతి తెలిసిన ఒక మనిషి వివరంగా రాశాడు, రాసింది అబద్ధం కాలేదు. మన ఆకాశరామన్నే, కాకపోతే ఈమెయిల్ ఐడీ ఉన్నవాడు. ఆయనో ఆమో అసలు ఎవరో బహిరంగంగా ఎవరికీ తెలీదు.

పేరు లేని ఫిర్యాదుని వెంటనే చెత్తబుట్టలో వేసే అలవాటు గురించి ఇక్కడ మళ్ళీ ఆలోచించాలనిపిస్తుంది. ఉత్తరంలో ఉన్నది సరిచూడగలిగే విషయమైతే సంతకంతో పనేముంది? ఫలానా బ్యాంకులో ఇంత డబ్బు లేదు అన్నది బ్యాంకుకి ఫోన్ చేస్తే తేలుతుంది. రోడ్డు మందం కొలిస్తే తేలుతుంది. సంతకం అడిగేది నిజం తేల్చడానికి కాదు, రాసినవాణ్ణి జవాబుదారీ చేయడానికి. అది తప్పు కాదు గానీ, అడిగినవాడు ఆ సంతకాన్ని కాపాడలేనప్పుడు అడిగే హక్కు ఎక్కడిది? దూబే సంతకం పెట్టాడు. జోసెఫ్ ఏబ్రహాం పెట్టలేదు.

సత్యం తర్వాత 2013 కంపెనీల చట్టంలో ఒక సెక్షన్ వచ్చింది. లిస్టయిన కంపెనీలు ఉద్యోగుల ఫిర్యాదులకి ఒక దారి పెట్టాలి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ణి కలిసే వీలుండాలి. ఇప్పుడు ఏ ఐటీ కంపెనీలో చేరినా మొదటి వారంలో చూపించే ట్రెయినింగ్ స్లయిడ్లలో ఆ హాట్‌లైన్ నంబరు ఉంటుంది, క్విజ్ కూడా ఉంటుంది. మంచిదే. అయితే దాన్ని నడిపేది కంపెనీయే.

అదే జోసెఫ్ ఏబ్రహాం కంపెనీ జోలికి పోకుండా 2014 నాటి చట్టం కింద ఢిల్లీకి రాశాడనుకోండి. రెండు కారణాలతో తిప్పిపంపేవాళ్ళు. మొదటిది, కింద అసలు పేరు లేదు. రెండోది, ఆ చట్టం ప్రభుత్వోద్యోగుల గురించిన ఫిర్యాదులకే, ప్రైవేటు కంపెనీలకి వర్తించదు. అదైనా, చట్టం అమల్లో ఉండి ఉంటే.